మన ఒంట్లో ఆకలి చరిత్ర (7వ భాగం)



షుగరని వెళ్తే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న: "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" ఉందంటే "వంశపారంపర్యం" అని రాసేస్తారు. మన తాతలు ఏం తిన్నారో, ఎంత తిన్నారో ఎవరూ అడగరు. ఇవాళ మనం అడుగుదాం.

మాది గరివిడి దగ్గర మాలపేట. తాత కంబారి. మామ్మ చోడి అంబలి తాగి, నెలలు నిండినా ఊడ్పులకి వెళ్ళేది. ఈ చీపురుపల్లి ప్రాంతంలో 1890ల నుంచే మాంగనీసు తవ్వుతున్నారు. పొలం పని లేనప్పుడు ఆ రాయి తట్టలూ మోసింది. మగవాళ్ళు తిన్నాక కుండలో మిగిలిందే ఆమె కూడు. బిడ్డలంతా బక్కగా పుట్టారు. "మన పుటకే ఇంత" అనేది. మా నాయనకి నలభై దాటగానే షుగరు వచ్చింది.

పుటక కాదు, దీని వెనక రాజ్యం ఉంది. 1877 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో కూలికి రోజుకి ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు చాలని రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. అది చాలదని శానిటరీ కమిషనర్ కోర్నిష్ పోరాడాడు. పేదవాడి ఒంటికి ఎంత తిండి చాలో పైవాళ్ళే తేల్చారు. ఊళ్ళో ఆ లెక్క కట్టింది భూమి ఉన్న కులాలు.

ఆకలి తరం ఎలా దాటుతుంది? 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్ పడమటి పట్టణాలకి తిండి రానివ్వలేదు. అప్పుడు కడుపులో ఉన్న పిల్లలు పెద్దయ్యాక వారి ఒంట్లో చక్కెర అదుపు తగ్గింది. గర్భం తొలిరోజుల్లో ఆకలి తగిలిన వారిలో స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు సుమారు రెట్టింపు కనిపించింది. తిండి చాలనప్పుడు కడుపులోని బిడ్డ మెదడుని కాపాడుకుని, కండనీ క్లోమాన్నీ తగ్గించుకుంటుంది. తర్వాత కడుపునిండా తెల్లన్నం దొరికితే ఆ ఒళ్ళు తట్టుకోలేదు. బక్కగా పెరిగిన ఆడపిల్ల తల్లయితే మళ్ళీ బక్క బిడ్డే. జన్యువులు మారకుండానే ఆకలి ఇలా వారసత్వమవుతుంది.

మరి ఇది తెగుతుందా? తెగుతుందనడానికి మన తెలుగు నేలే సాక్ష్యం. 1987-90లో హైదరాబాద్ దగ్గర కొన్ని ఊళ్ళలో గర్భిణులకి, బాలింతలకి, పసిపిల్లలకి రోజూ మొక్కజొన్న-సోయా ఉప్మా పెట్టారు. పక్క ఊళ్ళలో పెట్టలేదు. 2003-05లో ఆ పిల్లల్ని పరీక్షిస్తే, ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు ఉన్నారు. ఇన్సులిన్ బాగా పని చేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువ. వంశం ఏమీ మారలేదు. తల్లికీ బిడ్డకీ తిండి అందింది, అంతే.

అందుకే అంగన్‌వాడీ గుడ్డు దానం కాదు, మనకి రావాల్సిన బాకీ. అది ఎగ్గొడితే నిలదీయండి. విద్యార్థి మిత్రులు ఈ వారం మీ మామ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావని అడిగి రాసిపెట్టండి. ఆ కాగితం లేకుండా మన ఆరోగ్య చరిత్ర పూర్తి కాదు.

వచ్చే భాగం: రంగం వలసలు.