సాగరు నీరు: యంత్రము ఎవరిది? పన్ను ఎవరికి?

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో ప్రత్తి, మిరప పండించు రైతునకు కాలువనీరు ఎన్నడు వచ్చునో, ఎన్నడు ఆగునో అనునదే ముఖ్యము. ఆ నీరు తన చేనికి చేరకముందే సాగరు కట్టవద్ద ఒక యంత్రమును త్రిప్పి వచ్చుచున్నదను సంగతి పలువురు ఎరుగరు. ఆ యంత్రము ఎవరిది, దానిపై పన్ను ఎవరికి చేరును అను ప్రశ్నలకు చరిత్రలో పలు సమాధానములు కలవు.

జలాధారములను కంపెనీలకు అప్పగించుట మనకు క్రొత్త కాదు. 19వ శతాబ్దమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువను త్రవ్వెను. వాటాదారులు సీమవారు. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి ఐదు చొప్పున వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చెను. నల్లరేగడి రైతులు మెట్టపైరులకే అలవాటుపడినవారు. వెల చెల్లించి నీరు తీసికొనువారు తగినంతమంది లేకపోయిరి. లాభము రాలేదు, వడ్డీభారము మాత్రము ఖజానాపై పడెను. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చెను. పిదప ప్రకాశం జిల్లాలో చేరిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివే గనుక ఈ కథ మనకు పరాయిది కాదు.

విద్యుత్తు విషయమునను మొదట కంపెనీలే ముందు నడచినవి. 1910 నాటి చట్టము క్రింద లైసెన్సులు పొంది అవి పట్టణములకు దీపములు పెట్టినవి. 1949లో మద్రాసు ప్రభుత్వము వానిని స్వాధీనపరచుకొన చట్టము చేయగా, రాజమహేంద్రవరపు విద్యుత్ కంపెనీ న్యాయస్థానమున కెక్కెను. అట్టి చట్టము చేయు అధికారము ఆ శాసనసభకు లేదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయినను కాలము ప్రభుత్వ యాజమాన్యమువైపే నడచెను. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడెను.

నాగార్జునసాగరు ఆ కాలపు సంతానమే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. 1978లో ప్రధాన విద్యుత్కేంద్రము, 1983లో కుడికాలువ కేంద్రము పనికి వచ్చినవి. ఈ రెంటికి భేదము గమనింపదగినది. కుడికాలువ కేంద్రమును త్రిప్పిన నీరు కాలువలోనే పడి చేలకు పోవును. అచ్చట సేద్యమునకును విద్యుత్తునకును వైరము లేదు. ప్రధాన కేంద్రమును త్రిప్పిన నీరు కృష్ణలో పడి దిగువకు పోవును. కుడికాలువ ఆయకట్టుకు అది నేరుగా చేరదు. కావున ఆ యంత్రమును ఎప్పుడు త్రిప్పవలెనో నిర్ణయించువాడే రైతు ఋతువును కొంత నిర్ణయించును.

1998 సంస్కరణ చట్టముతో మండలి విడిపోయి, 1999 ఫిబ్రవరి 1 నుండి ఉత్పత్తి కేంద్రములు జెన్కో అను కంపెనీకి చెందినవి. పేరు కంపెనీయే గాని యజమాని ప్రభుత్వమే. 2014లో రాష్ట్రము విడిపోగా ప్రధాన కేంద్రము తెలంగాణ జెన్కోకు, కుడికాలువ కేంద్రము ఆంధ్రప్రదేశ్ జెన్కోకు దక్కినవి. 2021లో తెలంగాణ తన జలవిద్యుత్ కేంద్రములను పూర్తి శక్తితో నడుపగా, సేద్యపు నీరు వృథా యగుచున్నదని ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు పోయెను. ఎత్తిపోతలకు విద్యుత్తు అవసరమనియు, తన వాటా నీటినే వాడుచున్నాననియు తెలంగాణ చెప్పెను. 2023 నవంబరు చివర ఆంధ్ర పోలీసులు కట్టపై సగము గేట్లను వశపరచుకొని కుడికాలువకు నీరు వదలుటతో, కేంద్రబలగములు కాపలాకు వచ్చినవి.

ఇక పన్ను. రైతుపై నీటితీరువ 1865 చట్టమునాటిది. 1988లో ఆంధ్రప్రదేశ్ నీటిపన్ను చట్టము క్రొత్తగా వచ్చెను. 1997 నుండి నీటి వినియోగదారుల సంఘములకు అందులో కొంత తిరిగి యిచ్చు ఏర్పాటు కలదు. విద్యుత్తుపై సుంకము 1939 చట్టముది. రాజ్యాంగము ప్రకారము రాష్ట్రములు విద్యుత్తు అమ్మకము, వినియోగములపై పన్ను వేయవచ్చును. ఆ సుంకము రాష్ట్ర ఖజానాకు చేరును. ఆనకట్ట ఏ జిల్లాలో నున్నదను లెక్క దానికి లేదు. యంత్రమును త్రిప్పు నీటిపైననే పన్ను వేయవలెనని 2023లో హిమాచలప్రదేశ్ చట్టము చేసెను. పేరు నీటిదైనను అది విద్యుదుత్పత్తిపై పన్నేయని, అది రాష్ట్రపు అధికారము కాదని ఆ రాష్ట్ర హైకోర్టు 2024 మార్చిలో దానిని కొట్టివేసెను.

ఈ చరిత్ర చెప్పునది ఒక్కటే. సుంకేసుల కంపెనీ చేతిలో నీరున్నప్పుడు లాభనష్టముల లెక్క ముందు నిలిచెను. సాగరువద్ద యాజమాన్యము ప్రజలదే యైనను, తాళపుచెవి రెండు చేతులలో పడగానే తగవు పుట్టెను. కావున యజమాని కంపెనీయా, ప్రభుత్వమా అని అడిగి ఊరకుండిన చాలదు. నీరు ఏ నెలలో, ఏ పనికి, ఎవరి మాటపై వదలుచున్నారో ఆ లెక్క ఆయకట్టు గ్రామములకు తెలియవలెను. తీరువ చెల్లించువానికి ఆ లెక్క అడుగు హక్కు కలదు; అడుగుటకు కావలసిన జ్ఞానము గ్రంథాలయపు బల్లమీద దొరకును.