సంగీత ధ్వనిముద్రణలో ఎస్‌ఎస్‌డి

సాలిడ్ స్టేట్ డ్రైవ్, వాడుకలో ఎస్‌ఎస్‌డి యనునది, గిరగిర తిరుగు పళ్ళెముగాని దానిపై నటునిటు కదలెడి హెడ్డుగాని లేక, సమాచారమును అర్ధవాహక కణములయందు విద్యుదావేశ రూపమున నిలుపుకొను కంప్యూటర్ సాధనము. దీనికి మూలమైన న్యాండ్ ఫ్లాష్ మెమొరీని 1987లో తోషీబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా తన సహచరులతో గూడి లోకమునకు వెల్లడించెను.

ఓరుగల్లు సీమ ధ్వనిముద్రణలో ఎస్‌ఎస్‌డి యుపయోగము తెలియవలెనన్న, అచ్చటి పాట తీరును ముందు గమనింపవలెను. సంక్రాంతితో మొదలగు ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు పూజారులు డోళ్ళు మ్రోయించుచు చెప్పు కథగాని, రెండేండ్ల కొకమారు మేడారమున సమ్మక్క సారలమ్మల సన్నిధిని మ్రోగు కోయల డోలిగాని, 2024లో పద్మశ్రీ పొందిన దేవరుప్పుల మండల కళాకారుడు గడ్డం సమ్మయ్య ప్రదర్శించు చిందు యక్షగానముగాని, స్టూడియోకు రప్పించి ముక్కలుగ పాడించి అతుకదగినవి కావు. అవి ఆరుబయట, జనసమ్మర్దము నడుమ, గంటలకొలది ఏకధాటిగ సాగును. ముద్రణలో తప్పిపోయిన ఘట్టము మరల చేతికందదు.

ఇట్టి ముద్రణకు వేగమే ప్రధానమని పలువు రనుకొందురుగాని లెక్క వేరుగ నున్నది. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్ల ప్రమాణమున నొక్క ట్రాకునకు సెకనుకు 1,44,000 బైట్లు చాలును. ఎనిమిది మైకులు పెట్టి ఒగ్గుకథను ముద్రించినను గంటకు సుమారు 4.15 గిగాబైట్లే యగును. ఈపాటి భారమును సాధారణమైన హార్డ్ డిస్కు కూడ అవలీలగ మోయగలదు. చిక్కెల్ల ముద్రణ ముగిసిన పిదప కూర్పునందు గలదు. పదుల కొలది ట్రాకులు నూరు తునకలై డిస్కుపై చెదరియుండగా, వీణ, మృదంగము మొదలగు వాద్యముల నమూనా స్వరములు సైతము అదే డిస్కునుండి ఎడతెగక రావలసియుండగా, హెడ్డు ఒక్కొక్క తునకకై పరుగిడవలసివచ్చును. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు డిస్కుపై, హెడ్డు కదలికకు పట్టు కాలము గాక, కోరిన చోటు దానిక్రిందికి వచ్చుటకే సగటున 4.17 మిల్లీసెకన్లు పట్టును. ఎస్‌ఎస్‌డిలో ఈ నిరీక్షణ మిల్లీసెకనులో పదియవ వంతు ప్రాంతమున ముగియును.

అదరు విషయమున భేదము మరింత స్పష్టము. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల యెదుట నిలిచి గట్టిగ నరచి, ఆ యరపు తాకిడికే వాని పని మందగించుటను ప్రత్యక్షముగ చూపెను. ఒక మనిషి కేకకే యింత జరుగునప్పుడు, డోళ్ళ గుంపునకు మూరెడు దూరమున నుంచిన ల్యాప్‌టాప్‌లోని డిస్కును గూర్చి వేరుగ చెప్పవలయునా? ఎస్‌ఎస్‌డికి ఆ బాధ లేదు. హనుమకొండ వంటి చోట్ల గాయకుడును కంప్యూటరును ఒకే గదిలోనుండు ఇంటి స్టూడియోలకు మరియొక లాభము కలదు: 7,200 చుట్ల డిస్కు సెకనుకు 120 మారులు తిరుగుటచే పుట్టు రొద పురుషకంఠపు మంద్రస్థాయిలోనికే వచ్చి చేరును; దానిని పిమ్మట వడకట్టబోయిన గొంతు కూడ పలుచబడును. అయినను ఫ్యాను చప్పుడు మిగిలియే యుండును.

ఎస్‌ఎస్‌డి వేసిన పాట స్వచ్ఛముగ వినబడునను మాట అంగడి మాటయే. అంకెలు అవియే, నాదమును అదియే. పాడువాని చెవికి తన గొంతు ఆలస్యముగ చేరుటకును దీనికిని సంబంధము లేదు. 128 నమూనాల బఫరుతో కలుగు 2.67 మిల్లీసెకన్ల జాగు ఆడియో ఇంటర్‌ఫేస్ అమరికకు సంబంధించినది.

లోపములును లేకపోలేదు. చౌకరకములలో తాత్కాలిక నిలువ నిండగానే వ్రాతవేగము చప్పున పడిపోవును. హార్డ్ డిస్కు చెడుటకు ముందు తరచు కటకటలాడి హెచ్చరించును. ఎస్‌ఎస్‌డి చెప్పాపెట్టకుండ మూగవోవుట కలదు. అర్ధవాహక సాధనములకు ప్రమాణములు నిర్ణయించు జెడెక్ సంస్థ నియమము ననుసరించి, వ్రాతల పరిమితి పూర్తియైన సామాన్య ఎస్‌ఎస్‌డి, విద్యుత్తు లేక 30 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో ఒక యేడాది సమాచారమును నిలుపుకొనిన చాలును. వేడిమి పెరిగినకొలది ఆ గడువు తరుగును. వేసవిలో 40 డిగ్రీలు దాటు వరంగల్లున దానిని బీరువాలో పెట్టి మరచుట ప్రమాదకరము. కావున జాతర ముద్రణను ఆ రాత్రియే రెండు వేర్వేరు హార్డ్ డిస్కులకెక్కించి, ఒకదానిని వేరొక యింట నుంచి, ఆ ప్రతులను తెరచి విన్న తరువాతనే ఎస్‌ఎస్‌డిని ఖాళీ చేయవలెను.