నీలిరంగు చెప్పిన లెక్క



మన యిండ్లలో శుభకార్యములు జరుగునప్పుడు పసుపునీటిలో ఇంచుక సున్నము కలిపి ఎఱ్ఱనీళ్లు సిద్ధపఱచుట మీరందఱు ఎఱిగినదే. పచ్చని నీరు సున్నము తగిలిన క్షణముననే ఎఱ్ఱనగును. సున్నము చేరినదని ఆ రంగే మనకు చెప్పుచున్నది. కాని ఎంత సున్నము చేరినదని అడిగితిమేని ఆ పళ్లెరము బదులు చెప్పజాలదు. ఒక పదార్థము ఉన్నదా లేదా అనుట యొక ప్రశ్న. ఎంత ఉన్నది అనుట వేఱొక ప్రశ్న. మొదటిదానికి కన్ను చాలును. రెండవదానికి కన్నుతోపాటు ఒక నియమము, ఒక పరికరము, సరిపోల్చుటకు ఒక ప్రమాణము కావలెను. రంగును బట్టి పరిమాణమును చెప్పు విద్య ఎట్లు పెరిగినది, ఆ విద్యకు ఒక ఆంధ్రుడు ఏమి చేర్చెను, దానివలన మన దేహమును గూర్చి ఏమి తెలియవచ్చెను అనునదియే నేటి ప్రసంగవిషయము.

సరిపోల్చుటలోని కీలకమును మన కంసాలి చిరకాలముగా ఎఱుగును. అతడు మీ నగను గీటురాయిపై గీచి ఊరకుండడు. ఎఱిగిన వన్నె గల బంగారమును దాని ప్రక్కనే గీచి, రెండు గీతలను కలిపి చూచును. ఒంటరిగా చూచిన రంగు కన్నును మోసపుచ్చును. ప్రక్కప్రక్కన చూచిన రంగులలోని స్వల్పభేదము సైతము కన్నునకు తోచును. పాశ్చాత్య రసాయనశాస్త్రజ్ఞులు ఆశ్రయించిన సూత్రమును ఇదియే. వారు దానికి గణితమును జతపఱచిరి.

వెలుగు పారదర్శకమైన పదార్థము గుండా పోవునప్పుడు ఎట్లు తఱుగునో ఫ్రెంచి పండితుడు పియేర్ బుగే 1729వ సంవత్సరమున విచారించెను. పదార్థపు మందము సమభాగములుగా పెరిగినకొలది వెలుగు సమానమైన మొత్తములుగా గాక సమానమైన నిష్పత్తిలో తఱుగునని ఆయన చూపెను. ఒక అంగుళము ద్రవము వెలుగులో సగమును మ్రింగినచో, రెండవ అంగుళము మిగిలిన సగములో సగమును మ్రింగును. 1760లో లాంబర్టు ఈ నియమమునకు గణితరూపము నొసగెను. 1852లో ఆగస్టు బేర్ అను జర్మనుడు దీనినే ద్రవములో కరిగియున్న పదార్థపు గాఢతకును వర్తింపజేసెను. అనగా ఒక పలుచని ద్రావణము రెండంగుళముల లోతున ఏ రంగును చూపునో, దానికి రెట్టింపు గాఢమైన ద్రావణము ఒక అంగుళపు లోతుననే ఆ రంగును చూపును. రంగులు సమానమైనప్పటి లోతులు తెలిసినచో గాఢతలు తెలిసినట్లే.

ఈ సూత్రముపై పారిసు నగరమున జూల్ డుబాస్క్ నిర్మించిన వర్ణమాపక యంత్రము పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి ప్రయోగశాలలలో వ్యాపించెను. అందు రెండు గాజుగిన్నెలుండును. ఒకదానిలో లెక్క తెలిసిన ప్రమాణద్రావణమును, రెండవదానిలో పరీక్షింపవలసిన ద్రావణమును పోయుదురు. రెంటిలోనికిని గాజుకడ్డీలు దిగును. పైనుండి చూచువానికి ఒక వృత్తపు రెండు సగములు కనబడును. గిన్నెను పైకి క్రిందికి జరిపి, ఆ సగముల నడుమ గీత మాయమగువఱకు రంగులను సరిచేసి, ప్రక్కనున్న కొలబద్దను చదువుదురు. కంసాలి గీటురాయికిని దీనికిని భేదమేమన, ఇచ్చట తుది మాట కన్ను చెప్పునది గాదు, కొలబద్ద చెప్పునది.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ యంత్రమును వైద్యమునకు దగ్గరచేసిన వారిలో హార్వర్డు వైద్యకళాశాల ఆచార్యుడు ఆటో ఫోలిన్ ముఖ్యుడు. 1919లో ఆయనయు, చీనా దేశీయుడగు హ్సియెన్ వూ యును గలసి కొలదిపాటి రక్తముతోనే అనేక పదార్థములను లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. ఇందలి ప్రయోజనమును తల్లులు వెంటనే గ్రహింపగలరు. చంటిబిడ్డ దేహమునుండి గిన్నెడు రక్తము తీయుటకు వీలులేదు. కొలత సూక్ష్మమైననే గాని కొన్ని వ్యాధులను పరీక్షించుటయే సాధ్యము గాదు.

అట్లు లెక్కింపవలసిన పదార్థములలో భాస్వరము ఒకటి. 1669లో హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది బంగారము చేయు ఆశతో మూత్రమును మరిగించి మరిగించి, బంగారమునకు బదులు చీకటిలో వెలుగు ఈ వస్తువును పొందెను. సున్నపుధాతువగు కాల్షియముతో గూడి ఎముకలకు గట్టితనము నిచ్చునది ఈ భాస్వరమే. 1921లో బాల్టిమోరు నగరమున హౌలెండ్, క్రేమర్ అను వైద్యులు, ఎముకలు మెత్తబడి వంగిపోవు రికెట్సు వ్యాధి సోకిన బిడ్డల రక్తరసమున భాస్వరము తగ్గియుండుటను కనుగొనిరి. పెద్దల రక్తరసము నూఱు మిల్లీలీటర్లలో ఈ లెక్కకు వచ్చు భాస్వరము సుమారు రెండున్నర మొదలు నాలుగున్నర మిల్లీగ్రాములు మాత్రమే. ఇంత స్వల్పమైన దానిలో హెచ్చుతగ్గులను పట్టవలెనన్న ఎంత నికరమైన పద్ధతి కావలెనో ఊహింపుడు.

పద్ధతి అంతకుముందు లేకపోలేదు. భాస్వరామ్లము మాలిబ్డినము అను లోహపు లవణముతో ఆమ్లద్రావణమున కలియును. ఆ కలయికపై తగిన క్షయకరణ ద్రవ్యము పనిచేసినచో చక్కని నీలిరంగు పుట్టును. భాస్వరమెంతో నీలిమ యంత. 1920లో బెల్, డాయిజీ అనువారును, 1922లో బ్రిగ్స్ అను ఆయనయు ఈ మార్గమున పద్ధతులను ప్రకటించిరి. కాని మొదటిదానిలో రంగు నిలువక వెలిసిపోవుచుండెను. రెండవదానిలో రంగు వచ్చుట ఆలస్యమగుచుండెను. వెలియు రంగుతోను, ఎప్పుడు పూర్తియగునో తెలియని రంగుతోను కొలత నికరముగా నుండదు.

ఈ సందర్భమున మన యల్లాప్రగడ సుబ్బారావు ప్రవేశించెను. ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను చెన్నపట్టణమునను చదివి, మద్రాసు వైద్యకళాశాలలో వైద్యవిద్య నభ్యసించెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయముతోను, మామగారి సాయముతోను ఆయన 1920వ దశకపు తొలిభాగమున అమెరికా చేరి, హార్వర్డులో ఉష్ణమండలవైద్యమును అభ్యసించెను. పొట్టకూటికై ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను కడుగు పనికి సైతము ఆయన వెనుదీయలేదు. ఫోలిన్ విభాగములోని సైరస్ ఫిస్క్ కడ ఆయన పరిశోధకుడుగా చేరెను.

1925లో ఫిస్క్, సుబ్బారావుల వ్యాసము జీవరసాయన పత్రికలో వెలువడెను. వారు కనుగొన్నది నూతనమైన రంగు కాదు. ఆ రంగును త్వరగా పుట్టించి నిలువజేయు ద్రవ్యమును వారు ఎన్నుకొనిరి. దాని పేరు అమైనోనాఫ్తాల్ సల్ఫానికామ్లము. రక్తమునుండి మాంసకృత్తులను ఒక ఆమ్లముతో విఱిచి వడగట్టి, ఆ తేటకు మాలిబ్డినపు ద్రావణమును, పిదప ఈ ద్రవ్యమును చేర్చినచో అయిదు నిమిషములలో కొలతకు తగిన నీలిరంగు ఏర్పడును. అంతటితో వారు తృప్తిపడలేదు. ఏయే లవణములు, ఏయే ఆమ్లములు ఆ రంగును చెఱచునో, ఎంతవఱకు చేరిన లెక్క తప్పదో, ఒక్కొక్కదానిని పరీక్షించిరి. వ్యాసము ఇరువది పుటలకు మించినది. చదువుటకు వినోదము గాదు. అయినను శాస్త్రవ్యాసములలో ఇతరులచే అత్యధికముగా పేర్కొనబడిన వానిలో అది యొకటియై నిలిచినది.

ఇక ఈ ఓపిక ఫలించిన విధమును వినుడు. భాస్వరమును కొలువ నేర్చినవారు దానిని దేహమునందెల్ల వెదకుచు కండరమునకు వచ్చిరి. పిల్లి కండరమును తీసి, చలువలో ఉంచి, మాంసకృత్తులను విఱిచి, ఆ తేటను తమ పద్ధతిచొప్పున పరీక్షించిరి. అచ్చట ఒక చిక్కు కలిగెను. ప్రమాణద్రావణములో రంగు యథాప్రకారము త్వరగా వచ్చుచుండ, కండరపు తేటలో మాత్రము అది వెనుకబడి, మెల్లమెల్లగా ముదురుచుండెను.

ఇట్టిచోట ఎవరైనను ఏమందురు? ద్రవ్యము పాతబడినదందురు, పాత్ర మురికియందురు, చేయి తప్పినదందురు. పద్ధతి కొత్తదైనచో పద్ధతియే చెడ్డదందురు. కాని ఫిస్క్, సుబ్బారావులు అట్లనుటకు వీలులేదు. రంగును ఆలస్యము చేయగల కారణములను వారు అంతకుముందే ఒక్కొక్కటిగా పరీక్షించి యుండిరి. కావున తప్పు కొలతలో లేదనియు, కండరములోనే ఏదో ఉన్నదనియు వారికి తోచెను. విచారింపగా, అంతవఱకు కండరములో విడిగా నున్న భాస్వరామ్లమని అందఱు అనుకొన్నదానిలో పెద్దభాగము నిజముగా విడిగా లేదని తేలెను. అది క్రియాటిను అను పదార్థముతో గూడియుండి, పరీక్షకై పోసిన ఆమ్లములో మెల్లగా విడివడుచుండెను. విడివడినకొలది రంగు ముదురుచుండెను. ఫాస్ఫోక్రియాటిను అను ఆ పదార్థమును వారు 1927లో ప్రకటించిరి. కండరము పనిచేయునప్పుడు అది తఱుగుననియు, విశ్రమించినప్పుడు మరల పెరుగుననియు చూపిరి. అదే సంవత్సరమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును వేఱుగా ఈ పదార్థపు జాడను పట్టిరి.

ఇది స్వల్పవిషయము గాదు. 1922వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెలు బహుమానము కండరమును గూర్చిన పరిశోధనలకే లభించియుండెను. ఆంగ్లేయుడు ఆర్చిబాల్డ్ హిల్ కండరము ఒక్కమాఱు అదరినప్పుడు పుట్టు వేడిని, డిగ్రీలో వేయవ వంతుల పరిమాణమున, విద్యుత్తుతో పనిచేయు ఉష్ణమాపకముతో పట్టెను. జర్మనుడు ఆటో మేయర్‌హాఫ్ చక్కెరజాతి పదార్థమునుండి లాక్టికామ్లము పుట్టు క్రమమును లెక్కించెను. ఆ లాక్టికామ్లమే కండరపు కదలికకు కారణమని ఆనాటి శాస్త్రజ్ఞుల విశ్వాసము. 1930లో డెన్మార్కు దేశీయుడు ఐనార్ లుండ్స్‌గార్డ్ ఒక విషద్రవ్యముతో లాక్టికామ్లము పుట్టకుండ ఆపినను కండరము కొంతకాలము కదలుననియు, ఆ సమయమున తఱుగునది ఫాస్ఫోక్రియాటిను అనియు చూపెను. మేయర్‌హాఫ్ తన పూర్వసిద్ధాంతమును విడనాడెను. అంతకు ముందే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డులో ఫిస్క్, సుబ్బారావులు ఎ.టి.పి. యని నేడు విద్యార్థులెల్లరు ఎఱిగిన భాస్వరసమ్మేళనమును వేఱువేఱుగా వెల్లడించి యుండిరి. జీవకణములలో శక్తి చేతులు మాఱు నాణెము అదియే. సుబ్బారావు 1930లో హార్వర్డు డాక్టరు పట్టమును పొందెను.

నీలిరంగు వైద్యశాలతో ఆగలేదు. 1923లోనే ఇంగ్లండులోని ప్లిమత్ రేవున అట్కిన్స్ అను శాస్త్రజ్ఞుడు, మాలిబ్డినపు నీలిమనే వేఱొక క్షయకరణ ద్రవ్యముతో పుట్టించి, సముద్రజలములోని భాస్వరమును కొలిచెను. వసంతమున సూక్ష్మమైన నీటిమొక్కలు పెరిగినకొలది సముద్రములో భాస్వరము తఱుగుటను ఆయన గమనించెను. 1973లో కెనడా దేశమున ఒక సరస్సును తెరతో రెండు భాగములు చేసి, ఒకదానికి కర్బనమును నత్రజనిని మాత్రమే, రెండవదానికి వానితోపాటు భాస్వరమును చేర్చి చూచిరి. భాస్వరము చేరిన భాగము నాచుతో పచ్చబడెను. బట్టలుదుకు చూర్ణములనుండియు, మురుగునీటినుండియు, ఎరువులనుండియు చేరు భాస్వరము చెఱువులను చెఱచునని దానితో స్పష్టమాయెను. సుబ్బారావు పుట్టిన భీమవరమునకు పశ్చిమమున అనతిదూరములో కొల్లేరు సరస్సున్నది. పొలముల నీరు, చేపలచెఱువుల నీరు, ఊళ్ల మురుగు దానిలో చేరుచున్నవి. అట్టి సరస్సు నీటిలో ఏమి చేరినదో చెప్పుటకు గుడ్డినమ్మకము చాలదు. ఈ నీలిరంగు లెక్కయే కావలెను.

కాలక్రమమున పరికరములు మాఱినవి. కన్నునకు బదులు విద్యుత్కన్ను వచ్చినది. నీటిపరీక్షలలో 1962లో మర్ఫీ, రైలీ అనువారు సూచించిన పద్ధతియందు క్షయకరణ ద్రవ్యము సి విటమినే. రక్తపరీక్షలను నేడు యంత్రములే చేయుచున్నవి. వానిలో పెక్కు నీలిరంగు వఱకు పోక మాలిబ్డినపు కలయికనే నేరుగా చదువును. ఏ యంత్రమైనను ఎఱిగిన ప్రమాణముతో సరిపోల్చనిదే లెక్క చెప్పజాలదు. ఎంత మంచి పద్ధతియు అన్నిట నమ్మదగినది గాదనుటయు మఱువరాదు. నీటిలోని ఇసుకజాతి లవణములు, పాషాణలవణములు సైతము మాలిబ్డినముతో నీలిరంగునే పుట్టించును. వానిని తొలగించుటయో లెక్కకు తెచ్చుటయో చేయనివాడు పాషాణమును చూచి భాస్వరమనును.

సుబ్బారావు పిమ్మట ఔషధపరిశోధనయందు గొప్ప కార్యములు సాధించి, మరల స్వదేశమును చూడకయే 1948 ఆగస్టులో అమెరికాలో కాలధర్మము నొందెను. ఆయన ఔషధములను గూర్చి ప్రసంగించువారు పలువురు కలరు. ఆయన కొలతను గూర్చి ప్రసంగించుట అరుదు. కాని ఆ కొలత గట్టిది కాకయుండినచో ఆనాడు ఆలస్యమైన రంగును చూచి ఎవరో విసుగుతో గిన్నె కడిగివేసి యుందురు. కొలతను నమ్మదగినట్లు చేసికొన్నవానికే దానిలోని తేడా వార్తయగును. ఇతరులకు అది చికాకు మాత్రమే. ప్రయోగశాలలో అడుగిడు మన విద్యార్థులు లెక్క కుదరనప్పుడు దానిని దిద్దివేయక, ఒక్క నిమిషమాగి, తప్పు తమ చేతిలో ఉన్నదా, గిన్నెలో ఉన్నదా అని విచారింతురు గాక.