చేతిచుట్టు గిటార్ పికప్‌ల అదనపు మూల్యం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యుత్ గిటార్‌లో తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం పికప్. చిన్న కార్యశాలల్లో చేతితో చుట్టిన పికప్‌లు కర్మాగారాల్లో తయారైన వాటికంటే అనేక రెట్లు ఎక్కువ వెల పలుకుతున్నాయి. ఆ అదనపు వెల సమంజసమేనా అన్న ప్రశ్నకు నాదగుణాన్ని మాత్రమే చూసి సమాధానం చెప్పడం సాధ్యం కాదు. 1931 నుంచి సాగిన పికప్ తయారీ చరిత్రను, అందులో శ్రామికుల స్థానాన్ని, తీగచుట్ట పనిచేసే తీరును కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చేతిపని చవకగా ఉన్న కాలంలో దానికి ప్రత్యేక విలువ లేదనీ, అది అరుదైన తరువాతే విలువగా మారిందనీ, కొనుగోలుదారు చెల్లించే అదనపు వెల చేతికి కాక శ్రద్ధకు దక్కినప్పుడే సార్థకమవుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విద్యుత్ గిటార్, పికప్, హస్తకళ, శ్రమచరిత్ర, నాదగుణం, ఫెండర్, గిబ్సన్.

1. ఉపోద్ఘాతం

ఒక వస్తువును చేతితో చేశారని చెప్పగానే దానిపై గౌరవం కలగడం సహజం. చేనేత వస్త్రం, చేతితో మలచిన వీణ, చేతితో పోసిన కంచుపాత్ర ఇందుకు ఉదాహరణలు. అయితే గౌరవం, నాణ్యత, వెల అనే మూడూ వేరువేరు విషయాలు. ఈ మూడింటినీ ఒకటిగా భావించడం వల్ల కలిగే చిక్కుకు గిటార్ పికప్ మంచి నిదర్శనం. అయస్కాంతాల చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగితీగను కొన్ని వేల చుట్లు చుడితే పికప్ తయారవుతుంది. వాడే ముడిసరుకు చాలా తక్కువ. కాబట్టి కొనుగోలుదారు చెల్లించే ధనంలో అధికభాగం పనితనానికీ, పేరుకూ, కథకూ చేరుతుంది. ఈ మూడింటిలో ఏది ఎంత అన్నది తేల్చాలంటే పికప్ చరిత్రను మొదటినుంచి చూడాలి.

2. పికప్ ఆవిర్భావం

1920లనాటి అమెరికన్ వాద్యబృందాల్లో బాకాలు, డప్పుల ధ్వని మధ్య గిటార్ వినిపించేది కాదు. హవాయి పద్ధతిలో గిటార్ వాయించే జార్జ్ బోషాంప్ ఈ లోపాన్ని తీర్చడానికి పూనుకొన్నాడు. ఆయన, అడాల్ఫ్ రికెన్‌బాకర్ కలిసి 1931లో రూపొందించిన వాద్యం ఆకారాన్నిబట్టి 'ఫ్రయింగ్ పాన్' అనే పేరుతో ప్రసిద్ధమైంది. గుర్రపునాడా ఆకారంలోని అయస్కాంతాలు, వాటి నడుమ తీగచుట్ట, పైన ఉక్కు తంత్రులు దాని ప్రధానాంగాలు. మైకేల్ ఫారడే 1831లో నిరూపించిన విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి ఆధారం. అయస్కాంత క్షేత్రంలో ఉక్కు తంత్రి కంపిస్తే చుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. ఆ రూపకల్పనకు పేటెంటు 1937లో లభించింది. 1936లో గిబ్సన్ సంస్థ తెచ్చిన ఈఎస్-150 గిటార్‌ను జాజ్ వాద్యకారుడు చార్లీ క్రిస్టియన్ చేపట్టాడు. దానితో గిటార్ తాళానికి తోడు నిలిచే స్థితినుంచి ఏకవాద్యంగా మనోధర్మం ప్రదర్శించే స్థితికి ఎదిగింది. ఈ దశలో పికప్ ఒక అవసరానికి పరిష్కారం మాత్రమే. దాన్ని చుట్టింది చెయ్యా, యంత్రమా అన్న ప్రశ్న ఎవరికీ కలగలేదు.

3. ఫుల్లర్టన్: చవకైన చేతిపని

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే వృత్తినుంచి వచ్చిన లియో ఫెండర్ గిటార్‌ను భాగాలుగా విడదీసి, వేగంగా తయారుచేసి, సులభంగా మరమ్మతు చేయగల వస్తువుగా మలచాడు. 1951నుంచి టెలికాస్టర్‌గా పేరుపొందిన నమూనా, 1954నాటి స్ట్రాటోకాస్టర్ ఈ దృష్టికి ఫలాలు. స్ట్రాటోకాస్టర్ పికప్‌లో ఆరు అయస్కాంత కడ్డీలకు పైనా కిందా ఫైబర్ పలకలు బిగించి, వాటి మధ్య 42 గేజ్ రాగితీగను సుమారు 8000 చుట్లు చుట్టేవారు. యంత్రం చుట్టను తిప్పుతుంటే, పనిచేసేవారు వేళ్ల మధ్య తీగను పట్టుకొని పక్కలకు నడిపించేవారు. ఆధునికులు 'చేతిచుట్టు' అని పిలిచే పద్ధతి ఇదే.

ఈ పద్ధతిని ఫెండర్ నాదసౌందర్యంకోసం ఎంచుకోలేదు. అది తక్కువ పెట్టుబడితో పని జరిగే మార్గం. చుట్టేవారిలో మహిళలు, ముఖ్యంగా మెక్సికన్ మూలాలున్న మహిళలు ఎక్కువగా ఉండేవారు. 1954లో 249.50 డాలర్లకు స్ట్రాటోకాస్టర్ కొన్న వ్యక్తికి అందులోని మూడు పికప్‌లను ఎవరు చుట్టారో తెలుసుకోవలసిన అవసరం లేదు. ఆ పనికి విడిగా వెలా లేదు. 1956లో ఆ కర్మాగారంలో చేరిన అబిగైల్ ఇబార్రా పేరు సంగీతలోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. తరువాతి కాలంలో ఫెండర్ కస్టమ్ షాప్‌లో ఆమె చుట్టిన పికప్‌లు ఆమె పేరుతోనే ఆదరణ పొందాయి. 2013లో ఆమె విశ్రాంతి తీసుకొనేనాటికి ఆ పేరే ఒక వాణిజ్య విలువ. చేసిన పని స్వభావం మారలేదు. చుట్టూ ఉన్న లోకం మారింది.

4. కలమజూ: అసమానత ఆదర్శమైన క్రమం

మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ వేరొక సమస్యను ఎదుర్కొన్నాడు. ఒకే చుట్ట ఉన్న పికప్ పరిసరాల్లోని విద్యుత్ పరికరాలనుంచి 'హమ్' అనే రొదను గ్రహిస్తుంది. వ్యతిరేక దిశల్లో అనుసంధానించిన రెండు చుట్టలను పక్కపక్కన అమర్చి, ఒకదాని రొద మరొకదానితో రద్దయ్యేట్లు ఆయన చేశాడు. అదే హమ్‌బకర్. 1955లో పేటెంటుకోసం దరఖాస్తు చేయగా 1959లో మంజూరయింది. 1957నుంచి గిటార్లకు అమర్చిన ఈ పికప్‌ల అడుగున, పేటెంటుకు దరఖాస్తు చేశామని తెలిపే చిన్న చీటీ ఉండేది. ఆ ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలతోనే ఇవి 'పి.ఎ.ఎఫ్.' పికప్‌లుగా ప్రసిద్ధమయ్యాయి. 1960లలో ఆ చీటీ స్థానంలో వచ్చిన చీటీపై ముద్రించిన సంఖ్య హమ్‌బకర్‌ది కాదు. లెస్ పాల్ పేరిట ఉన్న తంత్రీబంధన పేటెంటు సంఖ్య అది.

నేటి సేకర్తలు అత్యధికంగా గౌరవించే పికప్‌లు ఈ పి.ఎ.ఎఫ్.లే. అయితే వీటిలో తీగను పక్కలకు నడిపించింది చెయ్యి కాదు, యంత్రమే. చుట్ల లెక్క కచ్చితంగా ఉండేది కాదు కాబట్టి కొన్నిటిలో చుట్లు ఎక్కువ, కొన్నిటిలో తక్కువ. వాటి విద్యుత్ నిరోధం సుమారు 7నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య మారుతూ ఉంటుంది. అయస్కాంతాలలోనూ ఆల్నికో మిశ్రమలోహపు వేర్వేరు రకాలు వాడారు. ఫలితంగా ఏ రెండు పికప్‌లూ ఒకేలా పలకవు. ఈ తేడాలు ఉత్పత్తిపై పట్టు చాలకపోవడంవల్ల కలిగినవే తప్ప కళాకారుని సంకల్పంవల్ల కలిగినవి కావు. అంటే చేతిచుట్టు పికప్‌ల ప్రచారం తరచు ఆదర్శంగా చూపే నాదంలో ఒక ప్రధాన భాగం యంత్రం చుట్టిందే. చేతిపనికీ మంచినాదానికీ కార్యకారణ సంబంధం కల్పించే వాదం ఇక్కడే బలహీనపడుతుంది.

5. పాత నాదానికి కొత్త వెల

ఈ పికప్‌లున్న 1958-60నాటి లెస్ పాల్ స్టాండర్డ్ గిటార్లు ఆనాడు సరిగా అమ్ముడుపోలేదు. రెండువేలకు లోపే తయారుచేసి గిబ్సన్ ఆ నమూనాను నిలిపివేసింది. 1966లో జాన్ మేయల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ చేసిన 'బ్లూస్ బ్రేకర్స్' ఆల్బమ్ వంటివాటితో అదే గిటార్ నాదం యువ వాద్యకారులకు లక్ష్యంగా మారింది. దాదాపు అదే సమయంలో, 1965 జనవరిలో, ఫెండర్ సంస్థ 1.3 కోట్ల డాలర్లకు సీబీఎస్ చేతికి వెళ్లింది. ఆ తరువాతి ఉత్పత్తుల నాణ్యత తగ్గిందన్న అభిప్రాయం వాద్యకారుల్లో స్థిరపడింది. 'పాతదే మేలు' అన్న భావనకు ఈ రెండు పరిణామాలూ పునాది వేశాయి.

పాత పికప్‌లు పరిమితం, కోరేవారు అనేకులు. ఈ ఖాళీలోనే విడి పికప్‌ల వ్యాపారం పుట్టింది. 1972లో లారీ డిమార్జియో రూపొందించిన 'సూపర్ డిస్టార్షన్' పాతదాన్ని అనుకరించక, ఎక్కువ శక్తిమంతమైన సంకేతాన్ని ఇచ్చే కొత్త మార్గం పట్టింది. 1976లో సేమర్ డంకన్, కాథీ కార్టర్ డంకన్ శాంటా బార్బరాలో సంస్థ స్థాపించారు. అనంతరకాలంలో లిండీ ఫ్రాలిన్, జేసన్ లాలర్ వంటివారు చిన్న కార్యశాలలతో పేరు తెచ్చుకొన్నారు. ఇటువంటి తయారీకి 'బొటిక్' అన్న మాట స్థిరపడింది. తెలుగు పట్టణాల్లో చీరల దుకాణాలకు అలవాటైన ఈ ఫ్రెంచి మాటకు మూలార్థం చిన్న అంగడి మాత్రమే. దానికి ప్రత్యేకత, ఖరీదు అనే అర్థచ్ఛాయలు తరువాత చేరాయి.

6. చెయ్యి నాదాన్ని ఎంత మారుస్తుంది?

చేతితో నడిపిన తీగ వరుసలు సమంగా పడవు. అందువల్ల పక్కపక్క చుట్ల మధ్య ఏర్పడే కెపాసిటెన్స్ కొంత తగ్గుతుంది. చుట్ట ఇండక్టెన్స్, మొత్తం కెపాసిటెన్స్ కలిసి అనునాద పౌనఃపున్యాన్ని నిర్ణయిస్తాయి. కెపాసిటెన్స్ తగ్గితే ఆ పౌనఃపున్యం పెరిగి, నాదంలో పైస్వరాల మెరుపు కొంత హెచ్చుతుంది. కాబట్టి చేతిచుట్టు సమర్థకుల మాట నిరాధారం కాదు.

అయితే దాని పరిమాణాన్ని లెక్కించి చూడాలి. చుట్ట కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లు, మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున 3 మీటర్ల కేబుల్‌ది 300 పికోఫారడ్లు అనుకొందాం. మొత్తం 400. చేతిచుట్టువల్ల ఇందులో 30 తగ్గినా అనునాద పౌనఃపున్యం సుమారు 4 శాతమే పెరుగుతుంది. అదే గిటార్‌కు 3 మీటర్ల కేబుల్ బదులు 6 మీటర్లది తగిలిస్తే మొత్తం 700 అయి, పౌనఃపున్యం సుమారు 24 శాతం పడిపోతుంది. చుట్ల సంఖ్య, అయస్కాంతపు రకం, పికప్‌కూ తంత్రులకూ మధ్య దూరం తెచ్చే మార్పులు కూడా చిన్నవి కావు. వీటన్నిటినీ మంచి యంత్రం కోరినట్లు పునరావృతం చేయగలదు. కేవలం నాదం దృష్టితో చూస్తే, చెయ్యి తెచ్చే భేదం ఉన్నా అది వెలలోని భేదానికి సరితూగదు.

7. 'చేతితో' అన్న మాటకు హద్దు

ఇక్కడ భారతీయ చేనేత అనుభవం పోలికకు ఉపకరిస్తుంది. మగ్గం కూడా యంత్రమే. అయినా చేమగ్గానికీ మరమగ్గానికీ మధ్య గీతను భారతదేశంలో చట్టమే గీసింది. 1985నాటి చేనేత రిజర్వేషన్ల చట్టం కొన్ని వస్త్రరకాలను చేమగ్గాలకే కేటాయించింది. 2006లో వచ్చిన చేనేత గుర్తు కొనుగోలుదారుకు ఒక భరోసా కల్పించింది. ఈ ఏర్పాట్ల అమలుపై విమర్శలు ఉండవచ్చు. కాని 'చేతితో' అన్న మాటకు ఒక నిర్వచనం ఉంది, దాని వెనుక నేతగాని జీవనోపాధిని కాపాడే ఉద్దేశం ఉంది.

పికప్‌ల విషయంలో అటువంటి నిర్వచనం లేదు. మోటారు చుట్టను తిప్పుతుండగా చేతితో తీగను నడిపితే అది చేతిచుట్టు అవుతుందా? కంప్యూటర్ నియంత్రించే యంత్రంతో చుట్టి, చేతితో కూర్చితే ఏమనాలి? ఒక్కో తయారీదారు ఒక్కో విధంగా ఆ మాటను వాడవచ్చు. నిర్వచనం లేని మాటకు వెల కట్టడం కష్టం.

8. ప్రయోజనమే ప్రమాణం

తెలుగునాట పికప్ విలువను చెప్పడానికి పాలకొల్లులో జన్మించిన మాండలిన్ యు. శ్రీనివాస్ (1969-2014) కన్నా మంచి ఉదాహరణ లేదు. సంప్రదాయ మాండలిన్ నాదం మీటిన వెంటనే క్షీణిస్తుంది. గమకప్రధానమైన కర్ణాటక సంగీతానికి స్వరం నిలవాలి, జారాలి, ఊగాలి. పికప్ అమర్చిన విద్యుత్ మాండలిన్‌తో శ్రీనివాస్ ఆ అవసరాన్ని తీర్చుకొని, పాశ్చాత్య వాద్యానికి కర్ణాటక కచేరీ వేదికపై స్థానం సంపాదించాడు. అక్కడ పికప్ విలువను నిర్ణయించింది రాగం అడిగిన అవసరం. బోషాంప్‌కూ, చార్లీ క్రిస్టియన్‌కూ కూడా పికప్ విలువ ఆ విధంగానే తేలింది.

ఈ ప్రమాణంతో చూస్తే చిన్న కార్యశాలకు న్యాయమైన స్థానం కనిపిస్తుంది. ఒక వాద్యకారుని గిటార్‌ను, వాయించే తీరును తెలుసుకొని చుట్ల సంఖ్యను నిర్ణయించడం, రెండు మూడు పికప్‌ల ధ్వనిస్థాయిలను పరస్పరం సరిపోల్చడం, సన్నని తీగ తెగి మూగబోయిన పాత పికప్‌ను తిరిగి చుట్టి పలికించడం భారీ ఉత్పత్తి చేసే కర్మాగారానికి గిట్టుబాటు కాని పనులు. వీటికి సమయం కావాలి, చెవి కావాలి, అనుభవం కావాలి. ఈ సేవలకు చెల్లించే అదనపు వెల వృథా కాదు. అవేవీ లేకుండా, పెట్టెపై 'చేతిచుట్టు' అని ముద్రించినందుకే చెల్లించే వెల జ్ఞాపకానికి కట్టే సుంకం.

9. ముగింపు

పికప్ చరిత్రలో చేతిపని రెండు దశలు దాటింది. మొదటి దశలో అది చవకైన శ్రమ. చుట్టినవారి పేరు కొన్నవారికి తెలియదు. రెండో దశలో అది ఖరీదైన గుణం. పేరే సరుకు. ఈ రెండు దశల్లోనూ తీగ పట్టిన వేళ్లు చేసింది ఒకే పని. కనుక అదనపు వెల సమంజసమా అన్న ప్రశ్నకు, ఆ వెల ఎవరికి, దేనికి చేరుతోందన్నది చూసే సమాధానం చెప్పాలి. వాద్యకారుని అవసరాన్ని విని, ఆ ప్రకారం పనిచేసే వ్యక్తికి అది చేరితే సమంజసం. 1954లో విడిగా పైసా విలువ కట్టని శ్రమను నేడు కథగా మార్చి అమ్మడానికే అయితే సమంజసం కాదు. ఫుల్లర్టన్‌లో తీగను నడిపిన మహిళల్లో ఒకరిద్దరి పేర్లే చరిత్రకెక్కాయి. సేకర్తలు అపురూపంగా దాచుకొనే పికప్‌లలో అనేకం మిగిలినవారు చుట్టినవే.