కొత్త తూటా ఎవరి జరూరత్?



మొన్న జుమా నమాజు అయ్యాక ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో, అమెరికా నుంచి మా భాంజా ఫోను. టెక్సాస్‌లో కంప్యూటర్ కొలువు వాడిది. అక్కడ లైసెన్సు తీసుకుని సీజన్‌లో జింకల షికారు చెయ్యడం జాయిజే. ఈసారి దోస్తులతో కలిసి వాడూ వెళ్తాడట. "మామూ, సెవెన్ ఎంఎం పీఆర్‌సీ అని కొత్త తూటా వచ్చింది. దాని ముందు పాతవన్నీ బేకార్ అంటున్నారు. రైఫిల్ కొనాలి, ఏది కొనమంటావ్?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నూజెండ్లలో కూర్చున్న నన్నా అడిగేది? మా నానా దగ్గర పంట కాపలాకి ఒక నాటు తుపాకి ఉండేది. గొట్టం మూతి నుంచి నల్లమందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసపు గుండ్లు దించేవారు. నాకు తెలిసిన బందూకు అంతే. కానీ తారీఖు చదివే అలవాటు ఉంది కదా! "రెండు రోజులు ఆగు బేటా, రాసి పంపుతా" అన్నాను. వాడికి రాసిందే ఇక్కడ మీ ముందూ పెడుతున్నాను.

ముందే ఒక మాట. మన దేశంలో షికారు జుర్మ్. పులి వేటని 1970లోనే ఆపేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో వేట తలుపులు దాదాపు పూర్తిగా మూసుకున్నాయి. మన పల్నాడు అంచున ఉన్న నల్లమల ఇప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. కాబట్టి ఇది చదివి ఎవరూ బందూకు భుజాన వేసుకోవద్దు. మనకిది తారీఖు మాత్రమే.

సవాలు సీదాగానే ఉంది. కొత్త తూటా వస్తే పాతదాని కంటే మేలేనా? మన గడ్డ మీద ఈ సవాలుకి సుమారు నూట డెబ్బై ఏళ్ల కహానీ ఉంది.

మొదటి కొత్త తూటా

1857లో కంపెనీ సర్కారు సిపాయిల చేతికి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఇచ్చింది. హునర్ పరంగా చూస్తే దాని తూటా పాతదాని కంటే నిజంగానే మేలు. పాత మస్కెట్ గుండు వంద గజాలు దాటితే ఎటు పోతుందో ఖుదాకే ఎరుక. ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల మెలికల గీతలుంటాయి. అవి గుండుని బొంగరంలా తిప్పుతాయి. తిరిగే గుండు దారి తప్పకుండా కొన్ని వందల గజాలు పోతుంది.

కానీ ఆ తూటా కాగితాన్ని పంటితో కొరికి చింపాలి. దానికి పూసింది ఆవు కొవ్వో పంది కొవ్వో అన్న ఖబరు పల్టన్లలో పాకింది. హిందూ సిపాయికీ ముసల్మాన్ సిపాయికీ ఒకేసారి దీన్ ధర్మాల మీదకొచ్చింది. గదర్‌కి వేరే కారణాలు చాలా ఉన్నా నిప్పురవ్వ మాత్రం అదే. ఆ ఏడే జూలై 17న మన హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో కోఠీ రెసిడెన్సీ మీద హమ్లా జరిగింది.

తయారు చేసినవాడు తూటా ఎంత దూరం పోతుందని లెక్క వేశాడు. దాన్ని నోట పెట్టుకునే మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. ఇది మొదటి సబక్.

నల్లమందు నుంచి పొగలేని మందుకి

తర్వాత తరం మార్టినీ-హెన్రీ. 1871లో అంగ్రేజు ఫౌజ్‌లోకి వచ్చింది. దాని తూటా .450 బోరు. 31 గ్రాముల సీసపు గుండు, సెకనుకు సుమారు 410 మీటర్ల రఫ్తార్. అదీ నల్లమందే. ఒక్క దెబ్బ పేలిస్తే ముందంతా పొగ. జానవర్ పడిందో, పారిందో, మన మీదికే వస్తోందో కనిపించదు.

1884లో పాల్ వియెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పొగ దాదాపు రాని మందు తయారుచేశాడు. కొన్నేళ్లకే అంగ్రేజుల కార్డైట్ వచ్చింది. 1898లో లండన్‌లోని రిగ్బీ దుకాణం ఆ మందుతో .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే షికారు తూటా దించింది. గుండు బరువు అదే 31 గ్రాములు. రఫ్తార్ మాత్రం 410 నుంచి 655 మీటర్లకి ఎగబాకింది. పొగ మాయమైంది. మెత్తటి సీసానికి గట్టి లోహపు తొడుగు వచ్చింది. దున్నపోతుకీ ఏనుగుకీ ఎదురుగా నిలబడే మనిషికి ఇది జాన్ కాపాడే తరక్కీ. దీన్ని ఎవరూ కాదనలేరు.

మన రియాసత్‌లో పెద్ద షికార్లు జోరుగా సాగిన జమానా కూడా అదే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గురి గురించి పాతబస్తీలో ఇప్పటికీ కహానీలు చెప్పుకుంటారు. ముప్పై పులుల్ని కొట్టాడని 'తీస్ మార్ ఖాన్' అనేవాళ్లట. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులిని కొట్టి, బేగంతో కలిసి దాని పక్కన ఫోటో దిగాడు. రాజా దీన్ దయాళ్ స్టూడియో తీసిన ఆ తస్వీర్ ఇప్పటికీ ఉంది. చూస్తే షాన్ కంటే అఫ్సోస్ ఎక్కువ కలుగుతుంది.

హుకుం పుట్టించిన తూటాలు

ఇప్పుడు అసలు కహానీ. 1907లో అంగ్రేజు సర్కారు హిందుస్తాన్‌లోనూ సూడాన్‌లోనూ .450 బోరు మీద పాబందీ పెట్టింది. కారణం భయం. పాత మార్టినీ-హెన్రీలు తిరుగుబాటుదారుల చేతుల్లో చాలా ఉన్నాయి. అదే బోరు షికారు తూటాలు బజారులో దొరికితే వాటి సామాన్లు ఆ రైఫిళ్లకీ పనికొస్తాయని బెంగ.

రాజాలకీ అఫ్సర్లకీ మాత్రం షికారు ఆగకూడదు కదా. లండన్ దుకాణాలు వెంటనే బోరు కొంచెం మార్చి కొత్త తూటాలు దించాయి. హాలండ్ అండ్ హాలండ్ వాళ్లది .465. జోసెఫ్ లాంగ్ గీసిన .470. ఇంకా .475, .476. ఒక్కోదానికి ఒక్కో ఇష్తిహారు, ఒక్కో గొప్ప.

హిసాబు చూడండి. పాత .450 గుండు 31 గ్రాములు, 655 మీటర్లు. కొత్త .465 గుండు 31 గ్రాములు, 655 మీటర్లు. కొత్త .470 గుండు 32 గ్రాముల చిల్లర, అదే 655 మీటర్లు. పులికి గానీ దున్నకి గానీ ఫరక్ ఏముంది? రవ్వంత కూడా లేదు. ఇవి పుట్టింది జంగిల్ జరూరత్ వల్ల కాదు, దఫ్తర్ హుకుం వల్ల. అయినా ఈరోజు కూడా .470ని షికారు తూటాల్లో బాద్షాలా చూస్తారు. హుకుం వల్ల పుట్టిందన్న సంగతి మరిచిపోయారు.

ఆ ఏడే ఇంకో తమాషా. రిగ్బీ దుకాణం .275 రిగ్బీ అని ఒక తూటాకి పేరు పెట్టింది. అది జర్మన్ల 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటా, అప్పటికే పదిహేనేళ్ల పాతది. బోతల్ కొత్తది, షర్బత్ పాతది. చంపావత్ పులిని కొట్టినందుకు జిమ్ కార్బెట్‌కి ఇనాముగా దక్కిన రైఫిల్ ఆ బోరుదే. పేరు మారినంత మాత్రాన తూటా చెడిపోలేదు, బాగుపడలేదు. కార్బెట్ చేతిలో మాత్రం బాగా పనిచేసింది.

మన జిల్లాల్లో జనం నోట నానిన 'త్రీ ఫిఫ్టీన్' రైఫిల్ కహానీ కూడా ఇలాంటిదే. ఫౌజ్ వాడే .303 బోరు మామూలు మనుషులకి మనా. అందుకే ఆస్ట్రియా ఫౌజ్ 1880ల చివర్లో తెచ్చుకున్న 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటాకి సరిపోయేలా ఇక్కడికి రైఫిళ్లు తయారయ్యాయి. ఆజాదీ తర్వాత మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలూ అదే బోరు కొనసాగించాయి. వేరే దేశాల్లో మ్యూజియంలో పెట్టే తూటాకి మన దేశంలో లైసెన్సు రాస్తున్నారు. పాతది నిలబడటానికి కూడా ఒక్కోసారి కారణం హునర్ కాదు, కానూనే.

బొలారంలో పుట్టిన షికారీ

1910లో మన సికింద్రాబాద్ పక్క బొలారంలో కెన్నెత్ ఆండర్సన్ పుట్టాడు. తర్వాత బెంగళూరులో స్థిరపడి, మనుషుల్ని తినే పులులూ చిరుతల వెంట అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు, చామల అడవుల దాకా తిరిగాడు. ఆయన చేతిలో ఎప్పుడూ .405 వించెస్టర్. 1904 నాటి తూటా. 19 గ్రాముల గుండు, సుమారు 670 మీటర్లు. ఆయన జిందగీలోనే దానికంటే జోరైన తూటాలు ఎన్నో వచ్చాయి. 1912లోనే .375 మాగ్నమ్ వచ్చింది. ఆయన మార్చలేదు. ఆ రైఫిల్ ఎక్కడ తగులుతుందో ఆయన చేతికి తెలుసు. చెట్టు మీద మంచె కట్టి కూర్చున్నవాడికి పులి ముప్పై నలభై గజాల్లో కనిపిస్తుంది. అక్కడ ఇంకో వంద మీటర్ల రఫ్తార్ ఏం చేసుకుంటాడు?

నిజంగా మారింది ఏమిటి?

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే పొగలేని మందు తర్వాత అంత ముఖ్యమైన తరక్కీ ఇంకోటి ఉంది. అది ఇత్తడి గొట్టంలో కాదు, గుండులో. గట్టి తొడుగు గుండు ఒంట్లోంచి సన్నగా దూసుకుపోతే జానవర్ గాయంతో పారిపోయి రోజుల తరబడి తడపుకుని చస్తుంది. 1890ల్లో కలకత్తా దగ్గర డమ్‌డమ్ కార్ఖానాలో కొన మెత్తగా ఉంచిన గుండు చేశారు. తగలగానే అది విచ్చుకుంటుంది. మనుషుల మీద అది జుల్మ్ అని 1899 హేగ్ సభలో జంగ్‌కి మనా చేశారు. షికారులో మాత్రం అదే మేలైంది, ఎందుకంటే జానవర్ త్వరగా పడిపోతుంది. 1940ల చివర్లో అమెరికాలో జాన్ నోస్లర్ మధ్యలో అడ్డుగోడ ఉన్న గుండు తెచ్చాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి పోతుంది. అలాంటి గుండు పెడితే వందేళ్ల తూటా కూడా కొత్తదై పోతుంది.

ఇప్పుడు మా భాంజా అడిగిన పీఆర్‌సీ. హార్నడీ కంపెనీ 2022లో దించింది. 11 గ్రాముల పొడవాటి గుండు, సెకనుకు 914 మీటర్లు. అదే బరువు గుండుతో 1962 నాటి 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్ మాగ్నమ్ 870 మీటర్లు పోతుంది. 1906 నాటి థర్టీ-ఆట్-సిక్స్ కొంచెం బరువైన గుండుతో 820. కొత్తదానికి ఒక ఖూబీ నిజంగా ఉంది. పొడవాటి సన్నని గుండ్ల కోసమే దాని గొట్టం, గీతల మెలిక మొదటి నుంచీ కుదిర్చారు. ఐదారు వందల మీటర్ల దూరంలో గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. అంత దూరం నిశానాబాజీ చేసేవాడికి అది ఫాయిదానే. రెండు వందల మీటర్లలోపు నిలబడ్డ జింకకి మాత్రం ఈ మూడింటి ఫరక్ తెలియదు. భుజానికి తగిలే దెబ్బా, జేబుకి తగిలే దెబ్బా మాత్రం వీడికి తెలుస్తాయి.

మసలా కూడా ఉంది

మన ఇళ్లలో ఇంకో సవాలు వస్తుంది. తూటాతో చచ్చిన జింక హలాలేనా? 'బందూకు' మాటకి మూలం అరబీ 'బుందుఖ్'. దానికి మొదటి అర్థం ఒక రకం కాయ, తర్వాత మట్టి ఉండ. ఉండేలుతో కొట్టిన మట్టి ఉండ కోయదు, బరువుతో చంపుతుంది, కాబట్టి జిబహ్ చేసేలోపు చస్తే హలాల్ కాదన్నారు పాత ఫకీహులు. మన వైపు హనఫీ ఉలమాల్లో చాలామంది తూటాకీ అదే హుకుం చెప్పారు. యెమెన్ ఆలిం షౌకానీ లాంటివాళ్లు తూటా చీల్చుకుపోతుంది గనక బిస్మిల్లా చెప్పి పేలిస్తే జాయిజ్ అన్నారు. మొనదేలిన తూటాలు వచ్చాక ఈ బహస్ మళ్లీ నడిచింది. నేను ముఫ్తీని కాను, మీ ఆలింని అడగండి. ఒక సంగతిలో మాత్రం ఇఖ్తిలాఫ్ లేదు. కత్తికి పదును పెట్టుకో, జానవర్‌కి తక్లీఫ్ తగ్గించు అన్నది మన దీన్ తాలీమ్. తమాషా కోసం ప్రాణమున్నదాన్ని నిశానా చెయ్యడం మనా. అంటే తూటాని తూచే తరాజు మన దగ్గర ముందే ఉంది. ఎంత దూరం పోతుంది అని కాదు, ఎంత త్వరగా తక్లీఫ్ లేకుండా ముగిస్తుంది అని చూడాలి.

అందుకే మా భాంజాకి ఇలా రాశాను:

"బేటా, నూట డెబ్బై ఏళ్లలో నిజమైన తరక్కీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గొట్టంలో మెలిక, పొగలేని మందు, సరిగ్గా విచ్చుకునే గుండు. మిగతా కొత్త పేర్లలో చాలావాటిని హుకుం పుట్టించింది, లేకపోతే దుకాణం పుట్టించింది. నీకు అంత దూరం కొట్టే హునర్ లేదు, జరూరత్ కూడా లేదు. పాత థర్టీ-ఆట్-సిక్స్ తీసుకో, తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. మిగిలిన డబ్బుతో మంచి గుండ్లు కొని రేంజికి పోయి మష్క్ చెయ్. పదికి పది ఒక చిన్న పళ్లెంలో ఎంత దూరం నుంచి పెట్టగలవో, అదే నీ హద్దు. దాని అవతల నిలబడ్డ జానవర్‌ని పోనీ. గాయపరిచి వదిలేస్తే దానికి జవాబు కంపెనీ చెప్పదు, నువ్వు చెప్పాలి."

రాత్రే జవాబు వచ్చింది. "సరే మామూ, ముందు మష్క్ చేస్తా. రైఫిల్ ఏది కొనాలో తర్వాత చూద్దాం" అని. నాకు అది చాలు.

ఖుదా హాఫిజ్.