తర్వాతి పాట ఎవరు ఎంచాలి?

1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ డొనాహ్యూ అనే భారీకాయుడు ఉండేవాడు. రేడియోలో పాటలు వేసి పేరు సంపాదించి, ఆ పనిమీదే విసుగు పుట్టి ఇంట్లో కూర్చున్నాడు. ఒక రాత్రి సహచరి రేషెల్‌తో కలిసి డోర్స్ బృందం ఎల్పీ వింటూ, ఇలాంటి పాటలు రేడియోలో ఎందుకు రావు అనుకున్నాడట. ఊళ్లోని ఎఫ్ఎం స్టేషన్లకు వరసగా ఫోన్లు చేశాడు. ఒక స్టేషన్‌కి ఫోన్ కనెక్షనే తీసేశారు. బిల్లు కట్టలేనివాళ్లయితే మన మాట వింటారని అక్కడికే వెళ్లాడు. ఆ స్టేషన్ పేరు కేఎంపీఎక్స్. రేషెల్ చెబుతూ వచ్చిన కథ ఇది, చెప్పేకొద్దీ కాస్త మెరుగు పట్టి ఉండొచ్చు. ఏప్రిల్ 7 రాత్రి డొనాహ్యూ ఆ స్టేషన్ మైకు ముందు కూర్చున్న మాట మాత్రం నిజం.

ఆ రోజుల్లో అమెరికా రేడియో అంటే ఏఎం. హిట్టయిన నలభై పాటల జాబితా, పాటకు మూడు నిమిషాలు, మధ్యలో ప్రకటనల హోరు, గంట తిరిగేసరికి మళ్లీ అదే పాట. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లోనే ఎఫ్ఎంకి పేటెంట్లు తీసుకున్నా, ముప్పై ఏళ్లపాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. చాలా కంపెనీలు ఏఎంలో వచ్చేదాన్నే ఎఫ్ఎంలోనూ వదిలేసి చేతులు దులుపుకునేవి. పెద్ద ఊళ్లలో అలా కుదరదని, ఎఫ్ఎంలో సగమన్నా వేరే కార్యక్రమాలు ఉండాలని 1964లో అక్కడి ప్రసారాల కమిషన్ నియమం పెట్టింది. యజమానులకు చిక్కొచ్చిపడింది. గాలిలో చోటుంది, అందులో వేయడానికి సరుకు లేదు, సరుకు కొనడానికి డబ్బు లేదు. జీతం తక్కువైనా సరే, తమ ఎల్పీలు తామే మోసుకొచ్చే కుర్రాళ్లకి తలుపులు తెరుచుకున్నది అందుకే.

ఆ కుర్రాళ్లు బ్లూస్ పక్కన రాక్, దాని పక్కన రవిశంకర్ సితార్ వేశారు. పన్నెండు నిమిషాల పాటయినా కోయకుండా వేశారు. ఏ పాట తర్వాత ఏ పాట అన్నది ఆ గంటలో మైకు ముందున్న మనిషి ఇష్టం. దీన్నే ఫ్రీఫామ్ అన్నారు. ఏడాది తిరగకముందే యజమానికీ వీళ్లకీ చెడింది. 1968 మార్చిలో సమ్మె చేసి, డొనాహ్యూ బృందం కేఎస్ఏఎన్‌కి వెళ్లిపోయింది. అప్పటికే ఆ పద్ధతి మిగతా ఊళ్లకూ పాకింది.

డబ్బు వస్తుందని తెలిశాక లెక్కల మనుషులు వచ్చారు. వాళ్లలో మొదట చెప్పుకోవలసినవాడు లీ అబ్రామ్స్. శ్రోతల్ని అడిగి, ఏ పాటకు స్టేషన్ మారుస్తున్నారో, ఏ పాటకు ఆగుతున్నారో తేల్చి, 1970లలో ‘సూపర్‌స్టార్స్’ అనే మూస తయారుచేశాడు. ఎన్నో స్టేషన్లు దాన్ని కొనుక్కున్నాయి. ఆల్బమ్‌లు ఉంటాయి, కానీ తేలిన పాటలే ఉంటాయి. 1979లో ఆండ్రూ ఎకొనొమోస్ పెట్టిన ఆర్‌సీఎస్ కంపెనీ నుంచి ‘సెలెక్టర్’ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక, తర్వాతి పాటను ఎంచే పని క్రమంగా కంప్యూటర్ చేతికి వెళ్లింది. ఇందులో అబ్రామ్స్‌ని విలన్‌ని చేయడం తేలిక. నిజానికి ఆయన జనం అడిగిందే ఇచ్చాడు. తెలిసిన పాట వస్తే చాలామంది చెయ్యి డయల్ మీద నుంచి తీసేస్తారు. తెలియని పాట కోసం చెవి ఒగ్గేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే.

ఆ కొద్దిమందినే నమ్ముకున్న స్టేషన్లు కొన్ని మిగిలాయి. 1968 క్రిస్మస్ రోజున పోర్ట్‌లాండ్‌లో మొదలైన కింక్ వాటిలో ఒకటి. షికాగోలో డబ్ల్యూఎక్స్ఆర్‌టీ 1972లో రాత్రిపూట మాత్రమే రాక్ వేసేది, నాలుగేళ్లకు రోజంతా వేయడం మొదలుపెట్టింది. కొలరాడోలో రాకీ పర్వతాల పాదాల దగ్గరున్న విశ్వవిద్యాలయం ఊరు బౌల్డర్‌లో 1977లో కేబీసీఓ వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అంతదాకా నిద్రపుచ్చే వాద్యసంగీతం వేస్తున్న కేఫాగ్ 1982లో రాక్‌లోకి మళ్లింది. వీళ్లెవరూ ఒక సంఘంగా కూడినవాళ్లు కాదు. ఎవరికి వారు, తమ శ్రోతలకు ముప్పై దాటింది, పిల్లలు పుట్టారు, ఇంటి అప్పు ఉంది, అయినా చెవులు ముసలివి కాలేదని గమనించారు.

కేఫాగ్‌లో రోజూ ఉదయం పదింటికి డేవ్ మోరే నడిపిన ‘టెన్ ఎట్ టెన్’ గురించి కాస్త ఆగి చెప్పాలి. రోజుకో సంవత్సరాన్ని తీసుకుని, ఆ ఏడాది వచ్చిన పది పాటలు వేయడమే ఆ కార్యక్రమం. వినడానికి చాలా మామూలు ఆలోచన. కిటుకు పాటల మధ్య సందుల్లో ఉంది. ఆ సంవత్సరపు వార్తల ముక్కలు, సినిమా సంభాషణలు, టీవీ ప్రకటనలు, నాయకుల ప్రసంగాలు ఏరి అక్కడ అతికేవాడు. నలభై నిమిషాలు దాటేసరికి ఆ ఏడాది అమెరికా ఎలా ఉండేదో, ఎవరూ వివరించకుండానే, చెవికి తెలిసిపోయేది. హిట్ పాట పక్కనే అప్పట్లో ఎవరూ పట్టించుకోని పాట వచ్చేది. రెండూ ఒకే గాలి పీల్చిన పాటలని అప్పుడు తోచేది. మోరే 2008 చివర్లో విరమించేదాకా ఆ పదిగంటల వేళను అక్కడి ఆఫీసుల్లో చాలామంది కాపాడుకున్నారు. సిలికాన్ వ్యాలీకి చేరిన మన తెలుగు ఇంజినీర్లలోనూ అమెరికా రాక్ చరిత్రను కారు రేడియోలో ఇలా నేర్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఈ స్టేషన్లలో అసలు రుచి రెండు పాటల మధ్య అతుకులోనే దొరుకుతుంది. అక్కడివాళ్లు మూడు నాలుగు పాటల్ని ఒక సెట్‌గా కడతారు. మొదటి పాట చివర గిటార్ ఏ శ్రుతిలో ఆగిందో, రెండో పాట అక్కడే అందుకుంటే ఒక అందం. లయ మెల్లగా పెరుగుతూ పోతే ఇంకో అందం. బయట వాన పడుతుంటే ముగ్గురు వేర్వేరు కాలాల గాయకులు వాన గురించే పాడడం మరో చమత్కారం. పాతతరం గాయకుడు జానీ క్యాష్ తర్వాత నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి పాట వచ్చి, ఆ అమ్మాయి ఎవరి దగ్గర నేర్చుకుందో తెలిసిపోతే, ఆ సెట్ కట్టిన మనిషికి మనసులో దండం పెడతాం. తర్వాత ఆ మనిషి గొంతు సవరించుకుని, అరవకుండా, ఏ పాటలు విన్నామో వరసగా చెబుతాడు. కొత్త పాట వేసి పేరు చెప్పకపోవడం ఈ రకం రేడియోలో క్షమించరాని నేరం.

ఈ స్టేషన్లన్నిటికీ కలిపి ఒక గొడుగు పేరు 1993లో దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి అప్పట్లో వచ్చే గావిన్ అనే రేడియో వృత్తిపత్రికలో కెంట్, కీత్ జిమర్‌మన్ అనే కవల సోదరులు ఈ స్టేషన్ల కోసం ప్రత్యేకంగా ఒక చార్ట్ మొదలుపెట్టారు. అదే అడల్ట్ ఆల్బమ్ ఆల్టర్నేటివ్, వాడుకలో ట్రిపుల్ ఏ. ఆ ఏడాదే బౌల్డర్‌లో ఈ స్టేషన్లవాళ్లు కలుసుకున్నారు. దీని వెనక సంగీతాభిమానం ఎంత ఉందో వ్యాపారం కూడా అంత ఉంది. 1982లో సీడీ వచ్చింది, పాత ఎల్పీలన్నీ మళ్లీ సీడీల్లో కొనే స్తోమత నడివయసు వాళ్లకే ఉంది. అంతకుముందు రికార్డు కంపెనీ వదిలించుకున్న గాయని బానీ రైట్, నలభై ఏళ్లకు అడుగు దూరంలో 1989లో ‘నిక్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్ తెచ్చి, మరుసటి ఏడాది గ్రామీల్లో ఉత్తమ ఆల్బమ్ బహుమతి కొట్టింది. పెద్దవాళ్లు పెద్దవాళ్ల కోసం పాడినా అమ్ముడుపోతుందని కంపెనీలకు అర్థమైంది. షెరిల్ క్రో, కౌంటింగ్ క్రోస్, డేవ్ మాథ్యూస్ బృందం ఈ దారిలోనే ముందుకొచ్చారు.

స్టేషన్లు కూడా ఊరికే పాటలు వేసి ఊరుకోలేదు. ఊరికి వచ్చిన గాయకుల్ని స్టూడియోకి పిలిచి, ఒక గిటార్‌తో పాడించి రికార్డు చేసేవి. కేబీసీఓ ‘స్టూడియో సీ’ రికార్డింగులు ఏటా ఒక సీడీగా వచ్చి, ఆ డబ్బు సేవాసంస్థలకు వెళ్లేది. మినియాపొలిస్‌లో సిటీస్ 97 స్టేషన్ 1989లో మొదలుపెట్టిన ‘శాంప్లర్’ 2018లో ముప్పయ్యో సంపుటంతో ఆగింది.

విశ్వవిద్యాలయాల స్టేషన్లది మరో పాయ. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన డబ్ల్యూఎక్స్‌పీఎన్ నుంచి 1991లో డేవిడ్ డై ‘వరల్డ్ కఫే’ మొదలుపెట్టి, ఇరవై ఐదేళ్లకు పైగా నడిపాడు. డై ఇంటర్వ్యూలు విన్నవాళ్లకు తెలుసు, ఆయన ప్రశ్న అడిగి నిజంగా జవాబు కోసం ఆగేవాడు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఫోర్డమ్ విశ్వవిద్యాలయం వారి డబ్ల్యూఎఫ్‌యూవీ, కాలిఫోర్నియా శాంటా మోనికాలో కేసీఆర్‌డబ్ల్యూ ఈ కోవలోవే. 2002లో రవిశంకర్ కూతురు నోరా జోన్స్ మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు, హిట్ల రేడియోలో ఎక్కడ పెట్టాలో తెలియని ఆ మెత్తని పాటల్ని ముందుగా చేరదీసినవాటిలో ఇలాంటి స్టేషన్లే ఉన్నాయి. మరుసటి ఏడాది గ్రామీల్లో ఆ ఆల్బమ్‌కి బహుమతుల పంట పండింది.

ఒక లోటు కూడా చెప్పుకోవాలి. పెద్దల రేడియో అని పేరు పెట్టుకున్నా, చాలాకాలం ఇది చదువుకున్న తెల్లవారి నడివయసు రేడియోగానే ఉండిపోయింది. బ్లూస్‌ని గౌరవించినంతగా ర్యాప్‌ని గౌరవించలేదు. గిటార్ లేని పాటంటే అనుమానంగా చూసిన రోజులున్నాయి. ఇప్పుడు కొన్నిచోట్ల మారింది, అన్నిచోట్లా కాదు.

1996లో కొత్త టెలికాం చట్టం వచ్చింది. దేశం మొత్తమ్మీద ఒక కంపెనీకి ఎన్ని స్టేషన్లుండాలన్న పరిమితి ఎత్తేశారు. కొన్నేళ్లలో క్లియర్ ఛానల్ ఒక్కటే పన్నెండు వందల దాకా స్టేషన్లు పోగేసింది. అప్పులు చేసి కొన్న స్టేషన్లలో, సొంతంగా పాటలు ఎంచే మనిషి జీతం దండగ ఖర్చుగా కనబడుతుంది. కేఫాగ్‌ని నడిపిన క్యుములస్ కంపెనీ 2016లో మైకు ముందున్న చాలామందిని ఒక్కసారిగా ఇంటికి పంపింది. 2019 సెప్టెంబరులో ఆ ఫ్రీక్వెన్సీ క్రీడల స్టేషన్‌కి వెళ్లిపోయింది. షికాగో డబ్ల్యూఎక్స్ఆర్‌టీ చేతులు మారినా నిలబడింది. దానికి ఒక కారణం లిన్ బ్రెమర్ లాంటి మనుషులు. శ్రోతలు పంపిన చిత్రమైన ప్రశ్నలకు ‘లిన్స్ బిన్’ అనే చిన్న శబ్దవ్యాసాలతో జవాబిచ్చేవాడు. తనను తాను మీ ఆప్తమిత్రుణ్ని అని చెప్పుకునేవాడు, విన్నవాళ్లు నమ్మేవాళ్లు. 2023 జనవరిలో ఆయన పోయినప్పుడు షికాగో ఇంటి మనిషిని పోగొట్టుకున్నట్టు ఏడ్చింది.

ప్రకటనల మీద బతికినచోట ఈ రేడియో సన్నబడుతూ వచ్చింది. శ్రోతలు చందా కట్టినచోట బలపడింది. నాకు కనిపించేది అంతే. మినెసోటా పబ్లిక్ రేడియో 2004లో సెయింట్ ఓలాఫ్ కాలేజీ వారి శాస్త్రీయ సంగీత స్టేషన్‌ని కోటీ అయిదు లక్షల డాలర్లకు కొని, 2005 జనవరి 24న దాని స్థానంలో ‘ద కరెంట్’ మొదలుపెట్టింది. శాస్త్రీయ సంగీత శ్రోతలు గొడవ చేశారు, వాళ్ల బాధ అబద్ధమేమీ కాదు. ఒకరి ప్రియమైన స్టేషన్ సమాధి మీదే ఇంకొకరి ప్రియమైన స్టేషన్ లేచింది. 2016 ఏప్రిల్‌లో మినియాపొలిస్ బిడ్డ, గాయకుడు ప్రిన్స్ చనిపోయిన రోజున ద కరెంట్ మిగతావన్నీ పక్కనపెట్టి రాత్రంతా అతని పాటలే వేసింది. దేశమంతటికీ ఒకే జాబితా పంపే కంపెనీకి అది చేతకాదు.

ఇంకో దారి ఇంటర్నెట్. కాలిఫోర్నియాలో ఓ చిన్న ఊరి స్టేషన్ కేపిగ్ 1995లోనే తన ప్రసారాన్ని నెట్‌లో పెట్టింది. ఆ పనిలో ఉన్న బిల్ గోల్డ్‌స్మిత్ 2000లో భార్య రెబెకాతో కలిసి, పారడైజ్ అనే ఊళ్లోని ఇంటి నుంచి ‘రేడియో పారడైజ్’ ప్రారంభించాడు. ప్రకటనలు లేవు. విన్నవాళ్లు ఇచ్చింది తీసుకోవడమే. శ్రోతలు ప్రతి పాటకూ మార్కులు వేస్తారు, కానీ వరస కట్టేది మాత్రం మనుషులే. సియాటిల్‌లో 1972 నాటి విద్యార్థుల స్టేషన్ కేసీఎంయూ, 2001లో కేఈఎక్స్‌పీగా పేరు మార్చుకుంది. అక్కడ డీజేలు ఎవరి పాటలు వాళ్లే ఎంచుకుంటారు. వాళ్ల స్టూడియో కచేరీలు యూట్యూబ్‌లో ప్రపంచమంతా చూస్తోంది.

విచిత్రమేమంటే, పాటల జాబితాను కుదించి పేరు తెచ్చుకున్న అబ్రామ్సే 1998లో ఎక్స్ఎం ఉపగ్రహ రేడియోలో చేరి, పాటల తలుపులు బార్లా తెరవాలని వాదించాడు. ఆ కంపెనీకి మొదట్లో అండగా నిలిచిన వరల్డ్‌స్పేస్ అనే మరో ఉపగ్రహ రేడియో మన దగ్గరా నడిచింది. అందులో తెలుగుకు ‘స్పందన’ అనే ఛానల్ ఉండేది, 2009 చివరికి అన్నీ మూగబోయాయి. మన ఎఫ్ఎంలలో ఆరు పాటల సినిమా వస్తే రెండు పాటలే తిరుగుతాయి, మిగతా నాలుగూ ఆల్బమ్ లోపలే ఉండిపోతాయి. అలాంటి నాలుగింటి కోసమే పుట్టిన రేడియో ట్రిపుల్ ఏ అనుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు వినడానికి అమెరికాలో ఉండనక్కర్లేదు. కేఈఎక్స్‌పీలో జాన్ రిచర్డ్స్ ఉదయపు షో మన గడియారం ప్రకారం వేసవిలో రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదున్నరకు మొదలవుతుంది. తల్లి పోయాక ఆయన మొదలుపెట్టిన ‘మామ్ షో’లో, అయినవాళ్లను పోగొట్టుకున్న శ్రోతల ఉత్తరాలు చదువుతూ పాటలు వేస్తాడు. డబ్ల్యూఎక్స్‌పీఎన్ వారి శుక్రవారం మధ్యాహ్నపు ఉచిత కచేరీ మనకు రాత్రి తొమ్మిదిన్నరకో పదిన్నరకో వస్తుంది. కొత్తగా వినేవారు మాత్రం రేడియో పారడైజ్‌తో మొదలుపెడితే మంచిది. మాటలు తక్కువ, యాస ఇబ్బంది పెట్టదు, నచ్చిన పాట ఎవరిదో తెరమీద కనబడుతుంది. గంటసేపు వినండి. నాలుగు పాటలు నచ్చవు, రెండు పాటల పేర్లు రాసుకుంటారు.