సీసాలో సన్నదనం

1976లో అమెరికాలో వెలువడిన ‘ది లాస్ట్ ఛాన్స్ డైట్’ పుస్తకం లక్షలాది ప్రతులు అమ్ముడుపోయింది. రచయిత రాబర్ట్ లిన్ ఆస్టియోపతీ వైద్యుడు. ఆయన చెప్పిన పద్ధతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: తిండి మొత్తం మానేసి, వారాల తరబడి ప్రోటీన్ ద్రవం తాగుతూ గడపాలి. ‘ప్రోలిన్’ పేరుతో ఆ ద్రవాన్నీ ఆయనే ప్రచారంలోకి తెచ్చాడు. చూస్తుండగానే అలాంటివి మరికొన్ని అంగళ్లకెక్కాయి. డాక్టరు చీటీ లేకుండానే ఎవరైనా కొనుక్కునే వీలుండేది.

కబేళాల్లో మిగిలే పశువుల తోళ్లు, స్నాయువుల నుంచి తీసిన కొల్లాజెన్‌కు రంగూ రుచీ కలిపి తయారుచేసిన సరుకది. రోజంతా తాగినా 400 కేలరీలు దాటేది కాదు. కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అసలే ఉండదు. అది లేకుండా శరీరం తన కండరాలను నిలబెట్టుకోలేదు. హార్వర్డ్‌కు చెందిన జార్జ్ బ్లాక్‌బర్న్ వంటి పరిశోధకులు అంతకుముందే తక్కువ కేలరీల ప్రోటీన్ ఆహారాన్ని పరీక్షించారు గానీ, వాళ్లిచ్చింది మేలైన ప్రోటీన్. దానికి తోడు ఖనిజ లవణాలు, విటమిన్లు, వైద్య పర్యవేక్షణ ఉండేవి. బజారుకొచ్చేసరికి ఆ జాగ్రత్తలన్నీ పోయి ఆకలి ఒక్కటే మిగిలింది.

1977లో మరణ వార్తలు మొదలయ్యాయి. ప్రభుత్వ సంస్థల దృష్టికి వచ్చినవి దాదాపు 60. వాటిలో 17 మరణాలను వైద్య నిపుణులు విడిగా పరిశీలించి 1979లో వివరాలు ప్రకటించారు. చనిపోయినవారిలో ఎక్కువమంది స్త్రీలు. నెలల తరబడి ఆ ద్రవంతోనే గడిపి, ఎన్నో కిలోలు తగ్గినవారు. ఇరుగుపొరుగు మెచ్చుకునే దశలో ఉన్నట్టుండి గుండె లయ తప్పింది. ఈసీజీల్లో క్యూటీ వ్యవధి, అంటే గుండె కొట్టుకుని మళ్లీ సర్దుకునే విద్యుత్ వ్యవధి, సాగిపోయి కనిపించింది. గుండె కూడా కండరమే. తిండి అందని శరీరం తొడల కండను, భుజాల కండను కరిగించుకున్నట్టే దాన్నీ కరిగించుకుంటుంది. తూకం యంత్రానికి కొవ్వుకూ కండకూ తేడా తెలియదు. తొలివారంలో దిగే బరువులో చాలా భాగం, ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థమైన గ్లైకోజెన్‌తోపాటు బయటికిపోయే నీరే. ఆ అంకె చూసి మురిసినవారు పద్ధతి పనిచేస్తోందని గట్టిగా నమ్మారు.

లంఖణం పరమౌషధమని తెలుగువారూ అంటారు. అది జ్వరానికో అజీర్తికో ఒకటి రెండు పూటలు కడుపుకు విశ్రాంతినిచ్చే సంగతి. నెలల ఆకలి మనిషిని ఏం చేస్తుందో 1944–45లోనే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో తేలింది. యుద్ధంలో పాల్గొననని ప్రకటించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు శాస్త్రవేత్త అన్సెల్ కీస్ బృందం 24 వారాలపాటు రోజుకు సుమారు 1,570 కేలరీలే ఇచ్చింది. లిన్ ద్రవంతో పోలిస్తే అది నాలుగు రెట్లు. అయినా వారు శరీర బరువులో నాలుగోవంతు కోల్పోయారు. ధ్యాసంతా తిండి మీదే. కంచాలు నాకేవారు. వంటల పుస్తకాలు పోగేసుకుని గంటలకొద్దీ చదివేవారు. చిరాకు, దిగులు, స్నేహితుల పట్ల విముఖత పెరిగాయి. తిండి మళ్లీ దొరికాక ఎంత తిన్నా తృప్తి కలగలేదు. చాలామందికి మునుపటికంటే కొవ్వు ఎక్కువే చేరింది. డైట్ ముగిశాక బరువు తిరిగొచ్చిన మనిషిని తిండిపోతని, నిగ్రహం లేదని నిందించడం ఎంత అన్యాయమో ఈ ప్రయోగం తేటతెల్లం చేసింది. ఆకలికి శరీరం ఇచ్చే జవాబది. సంకల్పబలం దాన్ని కొన్నాళ్లు వాయిదా వేయగలదేమో, అంతే.

మరణాల తర్వాత అమ్మకాలు పడిపోయాయి. అతి తక్కువ కేలరీల ప్రోటీన్ ఆహారం తీవ్ర అనారోగ్యానికి, మరణానికి దారితీయవచ్చన్న హెచ్చరికను 1980లలో అమెరికా ప్రభుత్వం లేబుళ్లపై తప్పనిసరి చేసింది. మేలైన ప్రోటీన్‌తో, వైద్యుల అజమాయిషీలో ద్రవాహారం మళ్లీ వచ్చింది. 1988లో టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే ఆ పద్ధతిలో తాను తగ్గిన 67 పౌండ్లకు, అంటే సుమారు 30 కిలోలకు సమానమైన జంతు కొవ్వును చిన్న బండిలో వేసి టీవీ వేదిక మీదికి లాక్కొచ్చింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. బరువు కొద్దికాలానికే తిరిగి రావడం మొదలైంది. తన శరీరాన్ని పాతికేళ్లపాటు జనం ఎగతాళి చేశారని, ఆ సిగ్గును తానే నెత్తికెత్తుకున్నానని 2024లో ఆమె ఒక టీవీ కార్యక్రమంలో చెప్పుకొచ్చింది.